పచ్చ విస్తర్లు

జనగామలో పెద్ద స్టోరు తెరిచిన ఏడాది, దాని మేనేజరు ఒక ఇంగ్లిషు కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పత్రికలో వార్తలు దిద్ది దిద్ది రిటైరై ఇంటికి చేరిన మనిషి ఈ వీధిలో ఒకడున్నాడని ఎవరో చెప్పారట. కంపెనీ ఇక ప్లాస్టిక్ ప్లేట్లు అమ్మదట. వాటి బదులు మోదుగాకు విస్తర్లు పెడుతుందట. మానుకోట దిక్కు గూడూరు దగ్గరి ఒక తండాలో విస్తర్లు కుట్టే ఆడవాళ్ల సంఘానికి ఆ పని అప్పగించారు. విస్తరి ఎలా ఉండాలో, ఎలా కట్టి పంపాలో ఆ కాగితంలో ఉంది. తెలుగు చేసిపెట్టమన్నాడు.

సంతోషంగానే చేశాను. పథకం పేరు ఇంగ్లిషులో గ్రీన్ ప్లేట్. "పచ్చ విస్తరి" అని రాశాను. చివరి వాక్యం "పచ్చ విస్తర్లు మాత్రమే తీసుకోబడును". ఆ 'బడును'ను డెస్కులో ఉంటే కొట్టేసేవాణ్ణి. కంపెనీ కాగితం కదా, కొంచెం బిగువుగా ఉంటే మంచిదేలే అని వదిలేశాను. మాట మీద కాక దాని బిగువు మీద ధ్యాస పెట్టాను.

కొన్నాళ్లకు సంఘం పెద్ద ఫోన్ చేసింది. యాభై దాటిన మనిషి, గొంతులో హుషారు.

"కాగితం నువ్వు రాసినవట గద అన్నా. మంచిగ సమజైంది. ఈ పని నిలవడ్డదంటె ఈయేడు మిర్చి ఏరవోము. తండల్నే ఉంటం."

ఏటా పంట కాలానికి ఆ తండా ఆడవాళ్లు భూపాలపల్లి దిక్కు మిరపతోటలకు మూట కట్టుకొని పోతారు. తిరిగి వచ్చేదాకా తోటల దగ్గర పరదాల కిందే కాపురం. ఈ ఒక్క ఏడు పోకుండా ఉండడమే ఆమెకు కావలసింది.

మొదటి సరుకు కంపెనీ వ్యానులో జనగామకు వచ్చింది. వారం తిరగకుండా మేనేజరు నుంచి కబురు. "ఒకసారి రండి సార్. ఆ సంఘం అక్క మానుకోట నుంచి రైలెక్కి వచ్చింది. నా మాట వింటలేదు."

స్టోరు వెనక గోదాములో కట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో కట్టకు బిగుతుగా ప్లాస్టిక్ రేకు చుట్టారు. దాని లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు. విస్తర్ల మీద తెల్లటి బూజు. దగ్గరికి వెళ్తే మురిగిన గడ్డి వాసన. ఆమె కట్టల పక్కనే నేల మీద కూచుంది.

"ఆకు ఎండబెట్టకుండ పంపితె బూజు పట్టదా అక్కా? గింత కూడ తెల్వదా?" అన్నాడు మేనేజరు.

"తెల్వదా? నువ్వు పుట్టకముందు సంది కుడుతున్న బిడ్డా." రవికలోంచి మడత కాగితం తీసింది. నా కాగితమే. "గిండ్ల ఏమున్నది? పచ్చయే తీస్కుంటం అని లేదా? మోదుగాకు ఎండితె పచ్చగ ఉంటదా? మట్టిరంగొస్తది. గందుకే తెంపిన్నాడే కుట్టి, ఆన్నే చుట్టి పంపినం. పట్నపోల్లకు పచ్చగ కనవడితెనే బువ్వ దిగుతదేమో అని నవ్వుకుంట కుట్టినం."

"మరి ప్లాస్టిక్ ఎవరు చుట్టమన్నరు?" అని నేనడిగాను.

"గదీ నువ్వు రాసిందే గదనే అన్నా! చుట్టలు చుట్టలు రేకు వీళ్లే పంపిరి."

నిజమే. శుభ్రత కోసం కట్టకు గాలి చొరకుండా రేకు చుట్టాలని నేనే తెలుగు చేశాను. రేకు మీద అతికించిన చీటీలో "ప్లాస్టిక్ లేని పళ్లెం" అని ఉంది. అదీ నా తెలుగే. రాస్తున్నప్పుడు ఈ రెండు వాక్యాలు ఒకే కాగితంలో ఉన్నాయని నాకు తట్టలేదు.

"తప్పు నాదే అక్కా. పచ్చ అంటే రంగు కాదు. నేలకూ నీళ్లకూ హాని చేయనిదని వాళ్ల ఉద్దేశం."

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది. "హాని చెయ్యనిదైతె హాని చెయ్యనిదని రాయాలె. పచ్చ అని ఎందుకు రాస్తివి?"

ఆమె అంతటితో ఊరుకోలేదు. "ఇంకొక్కసారి పంపుతం. ఎండవెట్టి, రాయి కింద అణగవెట్టి పంపుతం. రేకొద్దు, మోదుగ నారతోని కడ్తం. గాలాడుతది, పాడుగాదు."

మేనేజరుకూ అది నచ్చింది. అక్కడే కూచుని పెద్దాఫీసుకు ఉత్తరం రాశాం. తప్పు తర్జుమాలో జరిగిందని, కుట్టినవాళ్లది కాదని నేను సంతకం పెట్టాను.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. రేకు తీయడం కుదరదట. ధర చీటీ నార మీద అతకదు, అన్ని స్టోర్లకూ ఒకటే పద్ధతి. మొదటి సరుకు చెడింది కాబట్టి సంఘం పేరు జాబితాలోంచి తీసేశారు. వేరే రాష్ట్రం నుంచి మిషను మీద అచ్చొత్తిన ఆకు పళ్లేలు లారీలో వస్తాయట, రేకు చుట్టుకొనే. నా సంతకం గురించి ఒక్క ముక్క లేదు.

బూజు పట్టిన విస్తర్లు స్టోరు ఎరువు గుంతలోకి పోయాయి. ఆ నెల ఎరువు ఎక్కువ చేసినందుకు పెద్దాఫీసు మెచ్చుకుందని మేనేజరు తల దించుకొని చెప్పాడు. లోపల గోడ మీద మాత్రం తండా ఆడవాళ్ల నిలువెత్తు ఫొటో, కింద "పచ్చ విస్తరి, మన నేల కోసం" అన్న నా అక్షరాలు అలాగే ఉన్నాయి. తీయించమన్నాను.

"పెద్దాఫీసు బోర్డు సార్ అది. నేను ముట్టొద్దు."

మిరపకాయ ఎర్రబడే రోజుల్లో ఆమె మళ్లీ ఫోన్ చేసింది. వెనక ట్రాక్టరు ట్రాలీ మోత, ఆడవాళ్ల కేకలు.

"భూపాలపల్లి తొవ్వల ఉన్నం అన్నా. ఈ దిక్కు ఫోను కలుస్తదో కలువదో అని చేసిన."

ఆలస్యమైందని తెలిసీ చెప్పాను. కాగితం మళ్లీ రాసి పెట్టానని, ఎండిన మోదుగాకు విస్తరి, నార కట్టు అని తేటగా ఉందని.

"ఉంచు. ఇంకెవలన్న అడుగుతె ఇద్దువు గని," అంది. పక్కనున్నవాళ్లతో వాళ్ల భాషలో ఏదో అంటే అందరూ ఘొల్లుమన్నారు. "గని అన్నా, పచ్చ అని మాత్రం రాయకు."