కంకర కుప్పలకు సున్నం

మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదువుకున్నాను. మా వాడలో అంత చదివిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు. ఆ ఏడు మా వాడ మునిగింది నా తెలివి వల్లనే. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

మాది గరిడేపల్లికి కోసెడు దూరంలో ఉన్న పల్లె. ఉత్తరాన సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా బెజవాడ పోయే పెద్దరోడ్డు. దక్షిణాన నేరేడుచర్ల, అది దాటితే మిర్యాలగూడ. నడుమ మాకున్నది బండ్ల బాట ఒక్కటే. వానలు పడ్డాయంటే దాంట్లో ఎద్దు దిగబడితే మనుషులు మోకులు కట్టి లాగాల్సిందే.

మా ఆయన పదేళ్ల వయసు నుంచి దొర దొడ్లో జీతగాడు. పొద్దు పొడవక ముందే పోయి పెండ ఎత్తాలి, పసులకు నీళ్లు పెట్టాలి, నాగలి కట్టాలి. అందరూ పండుకున్నాక ఇంటికి రావాలి. దొరల మీద సంఘం లేచిన కాలంలో దొర తన గడీకి తాళం వేసి పట్నం పారిపోయాడు. అప్పటి నుంచి మా ఆయన దొడ్డి మొహం చూడలేదు. కలుపుకు పిలిస్తే కలుపుకు, మోతకు పిలిస్తే మోతకు పోయేవాడు. పస్తులున్న రోజులూ ఉన్నాయి. నన్ను చేసుకున్నది ఆ రోజుల్లోనే. జీతగాడైతే మా నాయన పిల్లనిచ్చేవాడు కాదు.

పోలీసు యాక్షన్ అయ్యాక దొర తిరిగొచ్చాడు. పోయేటప్పుడు నెత్తిన రూమీ టోపీ, వచ్చేటప్పుడు తెల్లటోపీ. ఏ ఎండకా గొడుగు. వచ్చిన వారానికే పాత జీతగాళ్లందరూ ఉగాదికి దొడ్లో ఉండాలని కబురంపాడు. ఆ ఉగాదికి మా ఆయన పోలేదు. దొర నవ్వి, వచ్చే ఉగాదికి తనంతట తనే వస్తాడులే అన్నాడట.

సరిగ్గా అప్పుడే రోడ్డు మాట వచ్చింది. కొత్త సర్కారు పల్లెల్లో జనానికి పని చూపిస్తుందట. పెద్దరోడ్డు నుంచి మా ఊరి మీదుగా నేరేడుచర్ల దాకా రాతిరోడ్డు వేస్తుందట. బెజవాడ దిక్కు నుంచి వచ్చిన ఓవర్సీరు సైకిల్ మీద వచ్చి మా వాడ నడుమ నిలబడి చెప్పాడు. సంఘం రోజుల్లో పోలీసు వ్యాన్లు రాకుండా మా మగవాళ్లు ఎక్కడెక్కడ బాట తెంపారో అక్కడల్లా ముందు పూడ్చమన్నాడు. తవ్విన చేతులే పూడ్చాయి. ఎవరు తవ్వారని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఆ తర్వాత కంకర. మా ఊరి గుట్ట నుంచి రాళ్లు మోసుకొచ్చి బాట పొడుగునా కూర్చుని కొట్టాం. ఇంటికో కుప్ప. వేళ్లు చితికేవి, కళ్లల్లో రాతి పొడి పడేది. అయినా పొద్దున్నే సుత్తె పట్టుకుని పోతుంటే నాకు సంతోషంగానే ఉండేది. ఎందుకంటే ఓవర్సీరు ఇంకో మాట కూడా అన్నాడు. రోడ్డు పూర్తయితే దాని మరమ్మతుకు ఊరికి ఇద్దరు మనుషులను సర్కారు గ్యాంగులోకి తీసుకుంటారట. ఏడాది పొడుగునా పని, జీవితాంతం పని. మా ఆయనకు ఆ మాట ఎక్కడో తగిలింది. ఎవరు అడిగినా అడగకపోయినా ఆ ఇద్దరిలో ఒకడు తానేనని చెప్పుకుని తిరిగేవాడు. వాడలో అందరూ ఆటపట్టించేవాళ్లు. మొగుడు గ్యాంగు మనిషైతే ఇగ నీ కాళ్లు నేల మీద ఆనయని నన్ను ఎత్తిపొడిచేవాళ్లు. నిజం చెప్పాలంటే అప్పటికే ఆనడం లేదు.

కుప్పలన్నీ సిద్ధమయ్యాయి. ఓవర్సీరు వచ్చి కొలుచుకుంటే పని ముందుకు సాగుతుంది. ఆయన రాలేదు. నెల దాటింది, నెలన్నర అయింది. కుప్పల చుట్టూ గడ్డి మొలిచింది. దొర మనుషులు అటు పోతూ ఇటు పోతూ నవ్వేవాళ్లు.

క్రిస్మస్ దగ్గర పడింది. వాడలో ఇళ్లకు వేసుకోవడానికి సున్నం కోసం మేం నలుగురు ఆడవాళ్లం కోదాడ పోయాం. పెద్దరోడ్డు ఎక్కగానే చూశాను, అక్కడి కంకర కుప్పలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. వాటి పక్కన రాయి కొడుతున్న వాళ్లను అడిగితే, సున్నం పడ్డ కుప్పలకు కూలి ముట్టిందని, రేపో మాపో రోలరు కూడా వస్తుందని చెప్పారు. ఇంకేముంది, నా బుర్ర పరుగు తీసింది. మా బడికి ఇనస్పెక్టరు వచ్చేటప్పుడు దారి పక్క రాళ్లకు మా చేత సున్నం వేయించేవాళ్లు. పెద్దవాళ్లకు శుభ్రం కావాలి. మా కుప్పలు మట్టిగొట్టుకుని ఉంటే వాటి మొహం ఎవరు చూస్తారు? కుప్పను కొలిచాక, మళ్లీ రెండోసారి కొలవకుండా గుర్తు కోసం ఓవర్సీరు మనుషులే సున్నం చల్లుతారని నాకప్పుడు తెలియదు. మా వాడలో ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చి చెప్పాను. ఈసారి ఇళ్లకు వద్దు, సున్నమంతా కుప్పలకు వేద్దామన్నాను. మా ముసలి మేనత్త ఒప్పుకోలేదు. సున్నం వెయ్యని ఇంట్ల ప్రభువు పుడుతడానే అంది. పసులపాకల పుట్టినోడికి సున్నమెందుకత్తా అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే నా మాట గెలిచింది. సర్కారు పనిలో అడగకుండా చెయ్యి పెట్టొచ్చా అని మా ఆయన గొణిగాడు. నీకేం తెలుసని గదమాయించాను. ఆయన సున్నం కాగు ఎత్తుకుని నా వెనకే నడిచాడు. ఒక్క పూటలో కుప్పలన్నీ తెల్లబడ్డాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో! పండుగ అక్కడే వచ్చినట్టుంది.

మూడో నాడు ఓవర్సీరు వచ్చాడు. సైకిల్ దిగి కుప్పల వైపు చూశాడు, తన పుస్తకం తీసి చూశాడు, మళ్లీ కుప్పల వైపు చూశాడు. ఎవరు కొలిచారని అడిగాడు. ఎవరూ కొలవలేదని, సున్నం ముచ్చటకు మేమే వేసుకున్నామని అన్నాం. ఆయన మొహం మాడిపోయింది. పెద్దరోడ్డు మీద కొలిచిన కంకర రోజుకింత మాయమవుతోందట. ఎక్కడికి పోతోందో తెలియక పైవాళ్ల చేత తిట్లు తింటున్నాడట. సున్నంతో సహా ఎత్తుకొచ్చి ఇక్కడ పోశారన్నమాట అన్నాడు. మా ఆయన ఒక రాయిని తీసి పగలగొట్టి చూపించాడు. మా గుట్ట రాయి లోపల ఎర్రగా ఉంటుంది, పెద్దరోడ్డుది నల్లరాయి. ఓవర్సీరు ఆ రాయిని చేతిలోకి తీసుకుని చూశాడు కూడా. ఆ మనిషి చెడ్డవాడని నేననను. తన ఉద్యోగం తనకు.

"ముచ్చటకి వేశామంటే పైవాళ్లు నమ్ముతారటమ్మా? నేను రాసి పంపక తప్పదు," అన్నాడు.

నిజమే, ఎవరు నమ్ముతారు? దొంగతనమంటే ఎవరికైనా అర్థమవుతుంది. మా తెలివితక్కువతనం అర్థం కావాలంటే మా వాడలో పుట్టి ఉండాలి.

ఆ రోజుల్లో సంఘం ఊళ్లని పేరుపడ్డ మా పల్లెల మీద ఏ ఫిర్యాదు పోయినా తిన్నగా మిలిటరీ క్యాంపుకే పోయేది. మరునాడు లారీ వచ్చి నలుగురు మగవాళ్లను ఎక్కించుకుపోయింది. అందులో మా ఆయన ఒకడు. మేం లారీ వెనక నడిచి క్యాంపు కంచె బయట కూర్చున్నాం. క్రిస్మస్ అక్కడే వచ్చి అక్కడే పోయింది. మా పాస్టరయ్య వచ్చి బతిమిలాడితే, ఊళ్లో పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఎవరైనా జామీను ఉంటే వదులుతామన్నారు. మా ఊళ్లో పలుకుబడి ఉన్నది ఎవరికో వేరే చెప్పాలా?

దొర వచ్చాడు. చెట్టు కింద కుర్చీ వేశారు. నలుగురినీ బయటికి తెచ్చి నిలబెట్టారు. మీరు దొర మనుషులేనా అని జవాను ఒక్కొక్కరినీ అడిగాడు. ముగ్గురు తల వంచుకుని ఔనన్నారు. మా ఆయన నోరు విప్పలేదు. జవాను లాఠీతో కొట్టాడు. ఆయన మోకాలి మీద పడి, మళ్లీ లేచి నిలబడ్డాడు.

"వాన్ని కొట్టకుండ్రి," అన్నాడు దొర మెల్లగా. "నా మనిషో కాదో వాన్నే చెప్పనియ్యుండ్రి. నేనేం బలవంతం చేస్తలేను."

జవాను రెండోసారి కొట్టాడు. మూడోసారి చెవి పక్కనుంచి నెత్తురు కారింది. నాకు ఇంకేం కనపడలేదు. కంచె పట్టుకుని అరిచాను.

"దొర జీతగాడే. ఉగాదికి దొడ్లె ఉంటడు. నేను జెప్తున్న గద, ఇడ్సిపెట్టుండ్రి."

మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. జవాను మీద కూడా అంత కోపంగా చూడలేదు.

వదిలిపెట్టారు. వస్తుంటే మా కుప్పలను బండ్లకెత్తి పెద్దరోడ్డుకు తోలుతున్నారు. మా రోడ్డు రద్దయింది. తర్వాతి ఏడు సర్కారు మళ్లీ పైసలిచ్చింది, ఈసారి పెద్దరోడ్డు నుంచి గడీ దాకా. గుత్త దొరది. రాయి కొట్టింది మళ్లీ మేమే, కూలి మాత్రం ముట్టలేదు, అదీ దొర జీతం కిందే జమైంది. ఆ రోడ్డు గడీ ముందు ఆగింది, ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది. గ్యాంగు మనుషులను దొర ఎక్కడి నుంచో తెచ్చి పెట్టాడు.

క్యాంపు నుంచి వదిలిన ఆ సాయంత్రం దారి పొడుగునా ఆయన నా ముందు నడిచాడు. ఇంటికొచ్చాక చెవి కడిగి పసుపు అద్దుతుంటే అడిగాడు.

"ఇంకో నాలుగు దెబ్బలకు ఓర్చుకుందును. నువ్వెందుకన్నవ్?"

"సంపుతరనుకున్న," అన్నాను.

నేను చేసింది తప్పంటే తప్పే. కానీ ఇప్పుడు మళ్లీ ఆ కంచె దగ్గర నిలబెట్టినా అదే మాట అంటాను. అందుకే నన్ను నేను క్షమించుకోలేను, మార్చుకోనూ లేను.

తెల్లవారక ముందే లేచి గొంగడి భుజాన వేసుకున్నాడు. ఎటు అని అడిగితే దొర దొడ్లెకన్నాడు.

"ఉగాదికి గద," అన్నాను.

"ఇగ ఎప్పుడైతేంది," అన్నాడు, వెళ్లిపోయాడు.