బర్రె కడుపులో అయస్కాంతం

మొన్న ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం ఊడి కింద పడితే, అది ఏ దిక్కు చూస్తోందోనని వంగి చూశాను. ఈ అలవాటు గౌలిపురలో మా బర్రె వల్ల వచ్చింది.

మా ఇల్లు దాని పాల మీదే నడిచేది. ఒకసారి అది గడ్డితో పాటు ఇనుప తీగ మింగి, మేత మానేసింది. పశువుల డాక్టర్ వచ్చి దాని గొంతులోంచి కడుపులోకి వేలెడంత అయస్కాంతం దించాడు. తీగ గుండెకు గుచ్చుకోకుండా అది పట్టి ఉంచుతుందట.

నాకు వేరే భయం పట్టుకుంది. స్వేచ్ఛగా వదిలిన అయస్కాంతం ఉత్తర దక్షిణాలనే చూస్తుందని బడిలో చెప్పారు. మా బర్రెనేమో తూర్పు ముఖంగా కట్టేసేవాళ్లం.

"బాపూ, ఉత్తరం దిక్కు కట్టు. గిట్లనే ఉంటే దాని కడుపుల మెలి పడ్తది."

"అటు గోడ ఉంది గదరా. సున్నం తినిపియ్యాల్నా?"

కొన్నాళ్లకు ఒక పొద్దున బర్రె తొట్టిలో మూతి పెట్టింది. తిన్నాక, తూర్పుకే తిరిగి నింపాదిగా నెమరు వేసింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం మోసపోయామనుకున్నాను.

"బాపూ, డాక్టర్ నకిలీది ఏసిండు!"

"ఏస్తే ఏంది రా? బర్రె అసలుదే గదా!"

వేలెడంత అయస్కాంతం బర్రెను తిప్పలేదని కాలేజీలో అర్థమైంది. కానీ ఆ పొద్దున ఇంటిల్లిపాదిమీ బర్రె మూతి వైపే తిరిగి ఎందుకు నిలబడ్డామో ఏ పాఠంలోనూ లేదు.