ఆటోక్లేవ్ తలుపు గేరు ధర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వరంగల్ చుట్టుపక్కల ప్రభుత్వ ఆస్పత్రుల పరికరాలు చూసుకునే బయోమెడికల్ ఇంజనీరుగా నన్ను వేశారు. రిటైర్మెంటు దగ్గరపడిన వాళ్ళకిచ్చే కుర్చీ అది. పేరు పెద్దది, జీపు ఉండదు.

ఆ ఎండాకాలం పరకాల వైపు ఒక చిన్న ఆస్పత్రిలో ఆటోక్లేవ్ ఆగిపోయింది. ఆపరేషన్ కత్తెరలను, గుడ్డలను ఆవిరిలో ఉంచి క్రిములను చంపే పెద్ద ఇనుప పీపా అది. దాని తలుపును బిగించే గేరు పళ్ళు అరిగిపోయాయి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒత్తిడితో నడిచే యంత్రం కనుక లేతు మిషన్ మీద చేయించిన గేరు పెట్టకూడదు, అసలుదే దొరకాలి. అప్పటిదాకా ఆపరేషన్లు బంద్.

వరండాలో సమ్మక్క అనే కూలి మనిషి నన్ను ఆపింది. గర్భసంచి ఆపరేషన్ కోసం వచ్చి అప్పటికే రెండుసార్లు తిరిగిపోయిందట. "ఇప్పుడైతే నాట్లకల్ల కోలుకుంట మేడం. ఇంక లేటైతే ఈ యేడు నాకు పని లేనట్టే," అంది. చూస్తానన్నాను.

మా ఆఫీసు మూడు దుకాణాలకు కొటేషన్ల కోసం లేఖలు పంపింది. వాటి మీద ఎర్రగా "అత్యవసరం" ముద్ర. ఆ ముద్ర లేనిదే మా దగ్గర కాగితం బల్ల దిగదు. చీపుర్ల కొనుగోలుకూ అదే ముద్ర. ఆ సంగతి బజారుకు తెలియదు కదా! జవాబు ఒక్కటే వచ్చింది, మట్టెవాడలో పాత పరికరాలు అమ్మే రాజలింగం సేటు నుంచి. ధర చూసి నాకు ఒళ్ళు మండింది.

సరుకు ఒక్కరి దగ్గరే ఉంటే, ధర సమంజసమేనని ఇంజనీరు రాసి సంతకం పెట్టాలి. పెడితే రేపు ఆడిట్ వాళ్ళు నా పెన్షన్ మీద పడతారు. పెట్టకపోతే సమ్మక్క మూడోసారి తిరిగిపోతుంది. ఆటో ఎక్కి మట్టెవాడ వెళ్ళాను.

సేటు డెబ్బై దాటిన మనిషి. చాయ్ తెప్పించి, గేరును బల్ల మీద పెట్టాడు. దానికి అంటుకుని ఉన్న తలుపు ముక్క మీద తెల్ల రంగుతో ఆ పరకాల వైపు ఆస్పత్రి నంబరే కనిపించింది! అక్కడ ఒకప్పుడు రెండు ఆటోక్లేవులుండేవి. ఒకదాని పీపా పగిలితే పనికిరానిదని రాసి, మంచి గేరుతో సహా వేలం వేశారు.

"మీ సర్కారే గద మేడం, తూకానికి అమ్మింది," అన్నాడు సేటు నవ్వుతూ.

"తూకానికి కొని బంగారం ధర చెప్తారా?" అన్నాను, కోపం దాచుకోకుండా.

"ఎర్ర ముద్ర చూసినంక ఎవరన్న తక్కువ చెప్తరా? జర మీరే చెప్పున్రి. పైగా మీ బిల్లు ఎప్పుడొస్తదో దేవునికే తెల్వది. ఆ ఫికర్ కూడా అండ్లనే కలిపిన."

ఆ మాట పట్టుకున్నాను. ముద్ర సంగతి విడమరచి చెబితే చాలాసేపు నవ్వాడు. డబ్బు వెంటనే చేతికొస్తే ఎంతకిస్తారని అడిగాను. కొన్న ధర, విప్పి శుభ్రం చేసిన కూలి, ఇన్నేళ్ళు దుకాణంలో చోటిచ్చినందుకు కొంత, తన లాభం ఒక్కొక్కటీ చెప్పాడు. మొదటి ధరలో నాలుగో వంతు తేలింది. లాభం కొంచెం ఎక్కువే అనిపించింది కానీ, ఆయన దాచకపోతే ఆ గేరు ఎప్పుడో పాత ఇనుముతో కలిసి కరిగిపోయేది. బేరమాడలేదు. ఆస్పత్రి అభివృద్ధి నిధి నుంచి మర్నాడే చెక్కు ఇప్పించి, సమంజసమని రాసి సంతకం చేశాను.

గేరుకు పగుళ్ళు లేవని రంగు పూసి నిర్ధారించుకుని, బిగించి, ఖాళీ పీపాతో ఒత్తిడి చూశాక ఆటోక్లేవును అప్పగించాను. సమ్మక్క ఆపరేషన్ ఆ వారమే అయింది.

సేటు మొదట చెప్పిన ధరలో ఆయన లాభం కొంచెమే. మా తొందర, మా ఆలస్యం, మంచి గేరును తూకానికి పారేసిన మా తెలివి, మిగతాదంతా మాదే. ఆ తర్వాత ఏ యంత్రాన్నైనా వేలానికి పంపే ముందు పనికొచ్చే భాగాలన్నీ విప్పించి దగ్గర పెట్టుకున్నాను. అలా చేస్తే తూకం తగ్గి వేలంలో తక్కువ వస్తుందని స్టోర్సు వాళ్ళు ఫైలులో అభ్యంతరం రాశారు. తగ్గనివ్వండి అని కింద రాసి పంపాను.