ఇంటి పెద్దకు ఏమవుతారు?

అక్క పోయిందని ఆదివారం ఉదయం బావగారు ఫోన్ చేశారు. నిజానికి వాళ్ళకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. డాక్టర్ లైసెన్స్ పరీక్షలకని ఈ దేశం వచ్చి, దిగడానికి చోటు లేక, అరోరా అనే ఊళ్ళో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది నెలలు సోఫా మీద పడుకున్నదాన్ని.

అక్క అప్పుడు చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. విక్టోరియా రాణి కాలం నాటి లండన్‌లో ఒక పేదవాడ ఆమె పరిశోధన. ఆనాడు ఇంటింటికీ తిరిగి రాసిన జనాభా లెక్కల కాగితాల్ని లైబ్రరీలో మైక్రోఫిల్మ్ మీద చదివి, ఇంటికొక కార్డు రాసుకునేది. సాయంత్రం కూర తరుగుతూ ఆ వాడ కబుర్లు మొదలుపెట్టేది.

"పన్నెండో నంబర్ ఇంట్లో ఒకే గదిలో తొమ్మిది మంది అమ్మాయ్. బట్టలుతికే ఆవిడ, ఆవిడ పిల్లలు, మిగతా అంతా రేవు కూలీలు. ఉన్నది ఒకటే పొయ్యి. ముందు ఎవరు తినేవాళ్ళంటావ్?"

"నాకేం తెలుసక్కా, ఎనాటమీ అడుగు, చెప్తా" అనేదాన్ని.

పుస్తకాలన్నీ ఇరుకు, మురికి అని రాసి చేతులు దులుపుకున్నాయని ఆమెకు కోపం. "ఇరుకని బయటివాళ్ళంటారు. లోపలివాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారు" అనేది.

ఒకసారి ఆ వాడ మీది ప్రేమే కొంప ముంచింది. ఆ కాగితాల్లో 'ఇంటి పెద్దకు ఏమవుతారు?' అని ఒక గడి ఉంటుంది. ఆ కూలీలకు ఎదురుగా 'అద్దెకున్నవారు' అని స్పష్టంగా రాసే ఉంది. ఒకే కప్పు కింద తిని పడుకునేవాళ్ళు చుట్టాలు కాక మరేమిటని, అలాంటివాళ్ళందర్నీ అక్క బంధువుల్లో కలిపేసింది. ప్రొఫెసర్ ఆ చాప్టర్‌ని ఎర్ర సిరాతో నింపి తిప్పి పంపాడు. మళ్ళీ ఇలాగే వస్తే డిగ్రీ మీద ఆశ వదులుకోమన్నాడు.

మూడోరోజు అక్క కార్డులన్నీ కార్పెట్ మీద పరిచి, మొదటినుంచీ సరిచూడటం మొదలుపెట్టింది. చదివి వినిపించడం నా పని. అప్పుడు కనిపించింది: ఆ బట్టలుతికే ఆవిడా, ఆ కూలీలూ పుట్టింది ఒకే పల్లెలో.

"చూశావా, చుట్టాలు కారు, ఊరివాళ్ళు. మన గుంటూరు ఇంజినీర్లలాగే" అంది. ఉద్యోగాలు దొరికేదాకా ఉందామని వచ్చిన ఇద్దరు ఇంజినీర్లు ఆ మధ్యాహ్నం హాల్లోనే గురక పెడుతున్నారు. కడుపుబ్బా నవ్వుకున్నాం. ఆ చాప్టర్‌తోనే ఆమె డిగ్రీ గట్టెక్కింది.

నాకు చోటివ్వడమే కాదు, మనుషుల గురించి అడగడం నేర్పింది అక్కే. ఇప్పటికీ పేషెంట్‌ని నొప్పి ఎక్కడని అడిగేముందు, ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాను.

పదోరోజుకి అరోరా వెళ్తే బావగారు ఆ కార్డుల పెట్టె నా చేతిలో పెట్టారు. అన్నిటికన్నా వెనక ఉన్న కార్డు లండన్‌ది కాదు, మా అపార్ట్‌మెంట్‌ది. ఐదుగురి పేర్లు, వయసులు, పుట్టిన ఊళ్ళు. తారీఖు చూశాను. ప్రొఫెసర్ చీవాట్లు తిన్న తరవాత రాసిందే. ఇంజినీర్లిద్దరికీ ఎదురుగా బుద్ధిగా 'ఊరివాళ్ళు' అని రాసింది. నా పేరుకి ఎదురుగా మాత్రం, తెలిసి తెలిసీ, 'చెల్లెలు' అని రాసింది.