మామయ్య తాగని గిన్నె

దేవునికి స్తోత్రం. ఈ వయసులోనూ నాలుకకు రుచిని, మనసుకు జ్ఞాపకాన్ని మిగిల్చిన ఆయన కృపకు వందనాలు.

మొన్న గవర్నర్‌పేటలో మా అమ్మాయి ఇంట్లో, ఆఫీసు పనిమీద ఫ్రాన్సు వెళ్లొచ్చిన అల్లుడు ఎర్రటి వైను సీసా తీసి, "కాస్త రుచి చూడండి అత్తయ్యగారూ, చాలా తేలిక రకం. కానా పెళ్లిలో ప్రభువు నీళ్లను మార్చి చేసింది ఇదేగా" అని నవ్వాడు. "ఆయన చేస్తే తాగేదాన్నే బాబూ, ఇది నువ్వు కొనుక్కొచ్చావుగా" అన్నాను గానీ, గ్లాసు అవతలి వేళ్లు కనిపించేంత పలుచని ఆ ఎరుపు చూసి ఒక్క గుక్క తాగాను. కొద్దిగా పులుపు, చివర్న వగరు, ఆ వెనక ఊరిన ఎండుద్రాక్ష వాసన రాగానే చల్లపల్లి దగ్గర మా చిన్న గుడి కళ్లముందు నిలిచింది.

ఆ రోజుల్లో గుడిలో అందరం పంచుకునే ప్రభురాత్రి భోజనానికి ద్రాక్షరసం అమ్మే చేసేది. శనివారం సాయంత్రం నల్ల ఎండుద్రాక్ష నానబెట్టి, ఆదివారం పొద్దున్నే గుడ్డలో వడకట్టేది. పాస్టరు అయ్యగారు ప్రార్థించకముందు దాన్ని నాలుకమీద వేసుకోకూడదని ఆమె పట్టింపు. ఒక ఎండాకాలం కొండపల్లిలో పెళ్లికి వెళ్లాల్సి వచ్చి, గురువారమే నానబెట్టి మూత బిగించి వెళ్లింది. ఆదివారం పొద్దున తిరిగొచ్చాక, రుచి చూడకుండానే వడకట్టి, ప్రయాణపు బడలికతో తాను రాలేక గుడికి పంపింది.

గుడిలో అందరికీ ఒకటే గిన్నె. కల్లు మానేసి బాప్తిస్మం తీసుకున్న మా మేనమామ దాన్ని పెదవుల దాకా తెచ్చి, ఒక్క క్షణం ఆగి, తాగకుండానే పక్కవారికి అందించారు. మిగతావాళ్లు కాస్త పుల్లగా ఉందనుకుని తాగేశారు. ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీదే గుసగుసలు మొదలయ్యాయి: "మళ్లీ తాగడం మొదలెట్టినట్టున్నాడర్రా, ఆ తప్పుతోనే గిన్నెలోది ముట్టలేదు." మామయ్య విని కూడా చెప్పులు వేసుకుని వచ్చేశారు.

ఆ మాటలు ఇంటిదాకా వచ్చాయి; గుడి నుంచి తిరిగొచ్చిన గిన్నె అడుగున మిగిలిన రసం నోట్లో వేసుకున్న అమ్మ నేరుగా మామయ్య దగ్గరికి వెళ్లింది.

"పులిసి కల్లయిపోయిందని చెప్పొచ్చుగా అన్నయ్యా, ఊరంతా నిన్నంటుంటే."

"నన్ననడం వాళ్లకి పాతేగా అమ్మాయీ. నిన్నంటారని ఊరుకున్నా."

మరుసటి ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ అమ్మ లేచి, కొంగు బిగించి పట్టుకుని, తప్పు తనదని సంఘమంతటికీ చెప్పింది. మామయ్య తలెత్తలేదు, ఆ తర్వాతి పాట మాత్రం అందరికంటే గట్టిగా పాడారు.

గ్లాసులో మిగిలిన వైను అల్లుడికిచ్చేశాను. ఇప్పుడు మా గుడిలో రసం సీసాల్లో వస్తుంది, పులియదు; ఎవరి బుల్లి కప్పు వారిది. ఈ సదుపాయానికీ దేవునికి వందనాలే. కానీ ఆ ఒక్క గిన్నె చేతులు మారుతున్నప్పుడు ఒకరినొకరు చూసుకునేవాళ్లం, పొరబడేవాళ్లం, మళ్లీ సరిదిద్దుకునేవాళ్లం. ఇప్పుడు పక్కవాడు కప్పు వదిలేసినా ఎవరికీ తెలియదు.

నాతోపాటు మీరూ ఒక్క క్షణం తల వంచండి. తండ్రీ, మౌనంగా నింద మోస్తున్నవాళ్లు మా పక్కనే కూర్చున్నారేమో, వాళ్లను చూసే కళ్లు మాకివ్వు. ఆమేన్.