బుచ్చవ్వ ట్యాంక్‌బండ్ ఎక్కిన రోజు

హైదరాబాద్ చూడటానికి ఎవరెవరు ఎందుకు వెళ్తారో నాకు తెలియదు. మా మేనత్త బుచ్చవ్వ మాత్రం పోలీసుల మీద పంతంతో వెళ్లింది. వెంట నన్ను కూడా లాక్కెళ్లింది.

అది 2011 మార్చి. పదో తారీఖున ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్. తెలంగాణ కావాలనేవాళ్లంతా హుస్సేన్‌సాగర్ కట్ట మీదికి రావాలని పిలుపు. ఎవరినీ రానిచ్చేది లేదని సర్కారు. రైళ్లు ఆపేశారు, రోడ్ల మీద ముళ్లకంచెలు పెట్టారు. జగిత్యాలలో మా కాలేజీ నాయకులను ముందే పట్టుకుపోయారు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఆడపిల్లను. నన్ను పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆ సంగతి నాకు కాస్త నామోషీగా కూడా ఉండింది.

అత్తది రాయికల్. యాభై దాటాయి. గుంట భూమి లేదు. కోరుట్ల కార్ఖానా ఇచ్చే ఆకుతో రోజుకు వెయ్యి బీడీలు చుడుతుంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ సామెత కట్టినవాడికి మా అత్తతో పని పడి ఉంటుంది.

పాతికేళ్ల కింద, కరువు కాలంలో, అత్త హైదరాబాద్ వలసపోయి ట్యాంక్‌బండ్‌ను వెడల్పు చేసే పనిలో మట్టి మోసింది. ఒకరోజు మధ్యాహ్నం కట్ట మీద కూర్చుని సద్ది విప్పితే, కాంట్రాక్టరు మనిషి వచ్చి, పెద్దవాళ్ల కార్లు వచ్చే వేళయింది, కిందికి పోయి తినమని తరిమాడట.

"మట్టి మోయ నా నెత్తి కావాలె. కూసుంటే నేను వద్దు. గా కట్ట మీద నిలవడి, నా తెలంగాణ నాకియ్యిండ్రని ఒక్కపారి మొత్తుకోవాలె. అటెన్క ఏమన్న కానీ" అంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

"ఎట్ల పోతం అత్తా? బస్సు దిగంగనే పట్టుకుంటరు."

"పట్నం సూడవోతున్నమంటం. అదేమన్న నేరమా?"

ఎనిమిదో తారీఖున బయలుదేరాం. జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగగానే ఒక కానిస్టేబుల్ సంచి విప్పమన్నాడు. విప్పితే చాట, తడిగుడ్డలో చుట్టిన తునికాకు, తంబాకు, దారం, ఆకు కత్తిరించే కత్తెర బయటపడ్డాయి. ఊరు చూడటానికి వచ్చేవాళ్లెవరైనా బీడీల చాట తెచ్చుకుంటారా? మా దగ్గర తెచ్చుకుంటారు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, ఆస్పత్రిలో కాన్పుకు తోడు పోయినా చాట వెంట ఉండాల్సిందే. అందులో వింతేముందో అత్తకు ఇప్పటికీ తెలియదు.

"పట్నం చూడొచ్చినోళ్లకు కత్తెరెందుకు?" అన్నాడతను.

"ఆకు కత్తిరియ్యద్దా సారు? చేతులు ఊకె ఉంటె నాకు తోచది." అక్కడే నేల మీద చతికిలబడి, అతను వద్దనేలోపే మూడు బీడీలు చుట్టి చేతిలో పెట్టింది.

"సరే, ఏమేం చూస్తరు?"

"చార్మినార్ సూస్తం. సాలార్జంగ్ గడియారం సూస్తం. బిర్లా మందిర్ ఎక్కుతం."

"ట్యాంక్‌బండ్?"

"గాడికి రానియ్యరట గద సారు. మీరే చెప్పాలె."

అతనికి నవ్వొచ్చింది. కత్తెర ఉంచుకుని మమ్మల్ని వదిలేశాడు.

కవాడిగూడలో మొగిలి ఇంట్లో దిగాం. మొగిలి మా రాయికల్ వాడే. అత్తతోపాటు మట్టి మోసి, ఇక్కడే ఉండిపోయి మేస్త్రీ అయ్యాడు. అతని ఇంటి నుంచి కట్ట నడిచిపోయేంత దూరమే. మర్నాడంతా కదలకుండా ఇంట్లో ఉందామని నేనంటే అత్త ఒప్పుకోలేదు.

"పోలీసాయనకు జెప్పినంక సూడాలె. నేను అబద్ధాలదాన్ని గాదు."

చూశాం. సాలార్జంగ్‌లో పన్నెండు కొట్టే వేళకు గడియారం ముందు జనంలో ఇరుక్కుని కూర్చున్నాం. లోపలి నుంచి గడ్డం బొమ్మ ఒకటి వచ్చి, పన్నెండు దెబ్బలు కొట్టి వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. "గంటకోపారి అచ్చి పోతడు, గింతమంది చప్పట్లు. నా వెయ్యి బీడీలకు ఎవలన్న కొట్టిండ్రా?" అంది అత్త. చార్మినార్ మెట్లు ఎక్కుతూ, ఈ రాళ్లను పైకి మోసినవాళ్ల మోకాళ్లు ఏమయ్యాయో అక్కడెక్కడన్నా రాసి ఉందేమో చూడమంది. నేను చూడలేదు. రాసి ఉండదని నాకు తెలుసు.

బిర్లా మందిర్ మెట్ల మీది నుంచి చెరువు కనిపిస్తుంది, మధ్యలో బుద్ధుడు.

"అగో అత్తా, బుద్ధుడు!"

అత్త ముఖం తిప్పేసుకుంది. "గీడ నిలవడి సూడ. రేపు కట్ట మీద నిలవడి సూస్త."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రేపు ఆ కట్ట మీదికి చీమను కూడా పోనివ్వరని అప్పటికే ఊరంతా చెప్పుకుంటోంది.

పదో తారీఖు పొద్దున వెళ్లి చూస్తే అంతపనీ చేశారు. రోడ్డుకు అడ్డంగా ముళ్లకంచెలు, వాటి వెనక పోలీసులు. ఉతికిన బట్టలు కట్టుకున్నవాళ్లను, సంచులున్నవాళ్లను, చదువుకున్నట్టు కనిపించినవాళ్లను ఆపేస్తున్నారు. మేమూ ఆగిపోయాం. "పట్నం చూడాల్నంటె గోల్కొండ పోండ్రి" అని ఒక కానిస్టేబుల్ నా భుజం పట్టి వెనక్కి తిప్పాడు.

ఇంటికొచ్చి అత్త గడప మీద కూర్చుంది. ఎదురుగా మొగిలి పని సామాను ఉంది, పారలు, తట్టలు. వాటినే చాలాసేపు చూసింది.

"మొగిలీ, గా రెండు తట్టల ఇంత ఇసుక పొయ్యి."

"ఎందుకక్కా?"

"పొయ్యరాదు!"

మొగిలి భార్య పాత చీర ఒకటి అత్త నాకు కట్టి, దాని మీద మొగిలి అంగీ తొడిగింది. చెప్పులు విప్పించింది. నెత్తిన చుట్టబట్ట, దాని మీద తట్ట. "మెడ నిలువుగ వెట్టు. కండ్లు నేల మీద. ఎవలు మాట్లాడినా ఆగకు. పనికి పోయేదాన్ని ఎవడు సూడడు బిడ్డా."

నమ్మండి, ఎవడూ చూడలేదు. పొద్దున నా భుజం పట్టిన కానిస్టేబులే కంచె కొంచెం జరిపి, "జల్ది నడువుండ్రి" అన్నాడు. నాకు సంతోషం కంటే మంట ఎక్కువ కలిగింది. రెండు గంటల కింద ఆపిన ముఖమే తట్ట కింద ఉంటే అతనికి కనబడలేదు. మా అత్త పుట్టినప్పటి నుంచీ అలాగే తిరిగిందని నాకు ఆ నాలుగడుగుల్లో తెలిసింది.

మెట్లెక్కి కట్ట మీదికి చేరాం. మేం వెళ్లేసరికి అక్కడ కొద్దిమందే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక నాలుగు దిక్కుల నుంచి కంచెలు దాటుకుని జనం వచ్చారు. ఎటు చూసినా తలలే. అత్త తట్ట దించి, కొంగు నడుముకు చుట్టి, "నా తెలంగాణ నాకియ్యిండ్రి!" అని అరిచింది. ఒక్కసారి అంటానన్న మనిషి గొంతు పోయేదాకా అరిచింది. పక్కన నేనూ అరిచాను. ఆ తర్వాత చెరువు వైపు తిరిగి బుద్ధుణ్ణి చూసి, "మంచిగున్నడు" అంది.

సాయంత్రానికి పోలీసులు విరుచుకుపడ్డారు. బాష్పవాయువు, లాఠీలు. దొరికినవాళ్లను దొరికినట్టు వ్యాన్లెక్కిస్తున్నారు. మా దాకా వచ్చిన ఇన్‌స్పెక్టర్ కాళ్ల దగ్గరున్న తట్టలు చూసి లాఠీ దించాడు.

"ఏయ్, వీళ్లు లేబర్. వదిలెయ్యండి. తట్టలు తీసుకుని ఇట్నుంచి దిగిపోండమ్మా."

మెట్ల దారి ఖాళీగా ఉంది. పది నిమిషాల్లో మొగిలి ఇంట్లో ఉండేవాళ్లం. నిజం చెప్తాను, నేను వంగి తట్ట అందుకున్నాను.

అత్త తన తట్టను కాలితో బోర్లించింది. ఇసుక అతని బూట్ల దాకా పడింది.

"నేను పనికి రాలె సారూ" అంది, ఆ పోయిన గొంతుతోనే. "తెలంగాణ అడగచ్చిన. బుచ్చవ్వ నా పేరు. మాది రాయికల్."

"దెబ్బలు తింటావ్, పో" అన్నాడతను.

"కొడితె కొట్టు. గని లేబరని ఇడిసిపెట్టకు."

ఎవరూ పట్టుకోకుండానే నడిచి వెళ్లి వ్యాను ఎక్కింది. పైకెక్కి నా వైపు చెయ్యి చాపింది. తట్ట ఇంకా నా చేతుల్లోనే ఉంది. కింద పడేసి ఆ చెయ్యి పట్టుకున్నాను.