నాలుగు కాలాలకీ ఆషాఢం బేరం

రెండువందల నలభై డాలర్ల వస్తువుని రెండువందలకి ఇవ్వలేదని, ఆ వస్తువుని సొంతంగా తయారు చేసుకోవడానికి ఏడాది పాటు తిరిగిన మనిషిని నేను. మిషిగన్‌లోని మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళకి కొదవ లేదు. స్టాకుల్లో పోగొట్టుకున్నవాళ్ళున్నారు, ఇండియాలో స్థలం కొని ఆ స్థలం ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నవాళ్ళున్నారు. కానీ వాళ్ళందరూ లాభానికి ఆశపడి మునిగినవాళ్ళు. నేను పొదుపు చేస్తూ మునిగాను. దానికి వేరే నేర్పు ఉండాలి.

ఆ వస్తువు నాలుగు ఫొటోల సెట్టు. మా ఇంటికి రెండు గంటల డ్రైవ్‌లో ఒక జపనీస్ గార్డెన్ ఉంది. చిన్న చెరువు, దాని మీద వంపు తిరిగిన చెక్క వంతెన, వంతెన పక్కన రాతి దీపస్తంభం. దాని మీదికి ఒక వైపు నుంచి చెర్రీ కొమ్మ, ఇంకో వైపు నుంచి మేపుల్ కొమ్మ వంగి ఉంటాయి. ఈ చోటునే నాలుగు కాలాల్లో ఫొటోలు తీసి, ఫ్రేములు కట్టి, గేటు దగ్గరి గిఫ్ట్ షాపులో అమ్ముతారు. ఒకటి పూలతో, ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా, ఒకటి మంచుతో. ఒక మార్చి నెలలో, చూడటానికి అక్కడ ఏమీ లేని రోజుల్లో, టికెట్ చవకని వెళ్ళాం. మేం కొత్తగా కొన్న ఇంట్లో హాలు గోడ బోసిగా ఉంది. మా ఆయన ఆ సెట్టు చూసి, "అరే, మన గోడ కోసమే తీసినట్టుంది" అని పైకే అనేశారు. అదీ అమ్మే మనిషి ఎదురుగా, ఇంగ్లీషులో.

నేను పుట్టి పెరిగింది చీరాల బట్టల బజారులో. మా నాన్నకి కొట్టు, మేనమామకి కొట్టు, ఎదురింటివాళ్ళకి రెండు కొట్లు. వస్తువు నచ్చినట్టు ముఖంలో కనిపిస్తే ధర అక్కడే గడ్డకట్టుకుపోతుందని నాకు అక్షరాలు రాకముందే తెలుసు. మా ఆయనది టీచర్ల కుటుంబం. వాళ్ళకి ధర అంటే పాఠ్యపుస్తకంలో అచ్చయిన మాట. దాన్ని కొట్టేసి పక్కన ఇంకోటి రాయడానికి చెయ్యి రాదు.

కౌంటర్‌లో ఉన్నావిడకి తెల్ల జుట్టు, గొలుసుకి వేలాడే కళ్ళజోడు. మా సంభాషణ ఇంగ్లీషులోనే జరిగింది కానీ నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

"నాలుగూ కలిపి తీసుకుంటున్నాం. ఏమైనా చూసి వేసుకోండి."

"నాలుగూ కలిపితేనే ఈ ధరండీ."

"రెండువందలు చేసుకోండి. ఇప్పుడే తీసుకెళ్తాం."

"ధర కింద రాసి ఉంది చూడండి."

"చదివాకే అడుగుతున్నాను."

ఆవిడ నవ్వింది. మంచి నవ్వే. తగ్గించే నవ్వు మాత్రం కాదు. ఈలోపు మా ఆయన గ్రీటింగ్ కార్డుల స్టాండు వెనక్కి వెళ్ళిపోయారు. నేను బేరం మొదలుపెడితే చాలు, ఆయన ఏదో ఒక స్టాండు వెనక చేరి, అక్కడున్న వస్తువు ఏ దేశంలో తయారైందో శ్రద్ధగా చదువుతారు.

నా దగ్గర ఆఖరి అస్త్రం ఒకటి ఉంది: వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం. మా బజారులో అయితే గుమ్మం దాటకముందే "అమ్మాయ్, రా, ఎంతిస్తావో చెప్పు" అని వినబడుతుంది. ఇక్కడ గుమ్మం దాటాను, మెట్లు దిగాను, కారెక్కి బెల్టు పెట్టుకున్నాను. ఎవరూ పిలవలేదు.

"పిలుస్తారని చూస్తున్నావా?" అన్నారు మా ఆయన.

"పిలవాలి. అది మర్యాద."

"తల్లీ, ఆవిడ వాలంటీర్. నువ్వు కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే."

"అయినా ఆ ఫొటోల్లో ఏముందండీ? చోటు అక్కడే ఉంటుంది, కాలాలు వాటంతటవే వస్తాయి. నేనే తీస్తాను."

ఆయన కారు స్టార్ట్ చెయ్యబోయి ఆగారు. ఆయనకి బేరమాడటం రాదని పదిహేనేళ్ళుగా నేను అనుకుంటున్నది ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

"సరే, తియ్యి. ఏడాది టైమ్. వచ్చే మార్చికి నాలుగు ఫొటోలు రెడీగా ఉండాలి. చూసినవాళ్ళు మనం చెప్పకుండానే ఇది ఏ కాలమో చెప్పాలి. చెప్పలేకపోతే ఈ సెట్టే, రాసిన రేటుకి కొంటాం. ఆ తర్వాత ఈ దేశంలో నువ్వు నా పక్కన నిలబడి బేరం ఆడవు."

"ఎక్కడా?"

"ఎక్కడా. బేరం సాగే పరుపుల షాపులో కూడా."

"ఇండియన్ స్టోర్‌లో?"

"అక్కడ కరివేపాకు దగ్గర కూడా."

నవ్వుతూనే ఒప్పుకున్నాను కానీ నాకది చిన్న పందెం కాదు. నేను ఒక కార్ల కంపెనీకి కాంట్రాక్టులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఆఫీసులో నా పేరు సగమే పలుకుతారు. మీటింగులో నా మాట మధ్యలోనే ఎవరో ఒకరు అందుకుని పూర్తిచేస్తారు. బేరం దగ్గర మాత్రం అవతలి మనిషి నేను చెప్పేది చివరిదాకా విని తీరాలి. ఈ దేశంలో నా గొంతు పూర్తిగా వినబడే చోటు అదొక్కటే. దాన్ని పణంగా పెట్టాను.

ముందు కెమెరా. ఊరు ఖాళీ చేసి వెళ్తున్న ఒక స్టూడెంట్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌ది, ఐదువందలు చెప్పినదాన్ని నాలుగువందల పదికి దించాను. అంతటితో ఆగితే మా నాన్న కూతుర్ని కాను కదా, కొసరు కూడా అడిగాను. ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి ట్రైపాడ్ సంచీ ఇచ్చాడు. సంచీ ఒక్కటే. ఇంటికి వచ్చాక ఆ సంచీకి సరిపోయే ట్రైపాడ్ వెతికి కొనాల్సి వచ్చింది. కెమెరా లోపల ఎక్కడో ఒక మచ్చ ఉందనీ, నేను తీసే ప్రతి ఆకాశానికీ కుడిపక్క ఒక పుట్టుమచ్చ వస్తుందనీ తర్వాత తెలిసింది.

ఇక వసంతం. మే మొదట్లో గార్డెన్ వాళ్ళ వెబ్‌సైట్‌లో చెర్రీలు విరగబూశాయని పెట్టారు.

"ఈ శనివారం వెళ్దామా?" అన్నారు మా ఆయన.

"ఇప్పుడెవరు వెళ్తారండీ? పై వారం తర్వాత మెంబర్‌షిప్ మీద తగ్గింపు ఉంది. జనం కూడా పల్చబడతారు."

ఇక్కడ నా పెంపకం గురించి చెప్పాలి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, గిరాకీ ఉండదు, కాబట్టి ధర తగ్గుతుంది. మా ఇంట్లో ఏడాదికి సరిపడా బట్టలన్నీ అప్పుడే కొనేవాళ్ళం. గొడుగు వానలు వెళ్ళాక, స్వెట్టరు చలి వెళ్ళాక. సీజన్ మొదట్లో కొనేవాళ్ళు మాకు అన్నం పెట్టిన మహానుభావులు, వాళ్ళంటే మాకు ఎంతో గౌరవం, కానీ మేం మాత్రం అలా కొనం. మిషిగన్ వచ్చాక కూడా చలికోట్లు ఏప్రిల్లోనే కొన్నాను. ఈ పద్ధతి నన్ను ఎన్నడూ మోసం చెయ్యలేదు. చెర్రీ చెట్టుకి కూడా ఆషాఢం ఉంటుందని నమ్మాను.

తగ్గింపు మొదలైన రోజునే వెళ్ళాం. చెట్టు మీద ఒక్క పువ్వు లేదు. లేత ఆకులు నన్ను చూసి ఏమీ ఎరగనట్టు ఊగుతున్నాయి.

"స్టాకు అయిపోయినట్టుంది," అన్నారు మా ఆయన, ట్రైపాడ్ సంచీ భుజాన మోస్తూ.

పూలన్నీ చెరువులో ఉన్నాయి. వంతెన కింద నీళ్ళు కనబడనంతగా రేకులు, తెల్లగా, అంచుల్లో కొంచెం గులాబీ రంగు. గాలికి అవి మెల్లగా దీపస్తంభం చుట్టూ తిరుగుతున్నాయి. కొమ్మని వదిలేసి కెమెరాని నీటి మీదికి దించి, షట్టర్ కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచితే ఆ రేకులు నీటి మీద ముగ్గు వేసినట్టు గీతలు గీశాయి. స్క్రీన్‌లో దాన్ని ఇద్దరం తలలు ఆనించి చూశాం. తర్వాత ఆయన "బాగుంది. కానీ కాలం తెలుస్తోందా?" అన్నారు. తెలుస్తుందని దబాయించాను.

వేసవితో ఇబ్బంది లేదు. వేసవికి ముహూర్తం లేదు కాబట్టి దాన్ని చేజార్చుకోవడం నాకు కూడా చేతకాలేదు. ఈసారి ట్రైపాడ్ నేల మీద పెట్టాలంటే వేరే పర్మిట్ కొనాలన్నారు, కొన్నాను. నీటి మీద మెరుపు తగ్గించే అద్దం లెన్స్‌కి బిగించాను. చెరువు అడుగున చేపలు కూడా కనిపించాయి. దోమలు నా మోచేతుల మీద సభ పెట్టుకున్నాయి. ఫొటో పచ్చగా, ఎవరూ కాదనలేనట్టుగా వచ్చింది.

అక్టోబరుకి బుద్ధి వచ్చిందనే అనుకున్నాను. కానీ ఆకులు ఎర్రబడిన ఆ రెండు వారాలూ పర్మిట్ చెల్లదట, విడిగా కట్టాలట. ఆ రెండు వారాలు అయిపోగానే మామూలే. ఇంత చదువుకుని, బజారులో పెరిగి, ఒక్క వారం ఆగలేనా? ఆగాను. మేం వెళ్ళే ముందురోజు రాత్రి గాలీ వానా. మేపుల్ కొమ్మ మీద ఒక్క ఆకు లేదు. రాలినవాటిని చూద్దామంటే తోటమాలులు తెల్లవారుజామునే వచ్చి నాచు మీద నుంచి ఒక్కొక్కటీ ఏరేశారు. తడి కొమ్మలు, తడి రాయి, బూడిదరంగు చెరువు. అదే తీశాను.

"మనకి తెలియకుండా ఇక్కడ ఎవరో చెప్తున్నారేమో, ఫలానావిడ వస్తోంది, సర్దేయండి అని," అన్నారు మా ఆయన, తిరిగి వస్తూ కారులో పులిహోర డబ్బా మూత తీస్తూ. ఒక్క ట్రిప్పుకి కూడా రానని అనలేదు ఆయన. నేను ఓడిపోవడం దగ్గరుండి చూడాలనో, గెలిస్తే పక్కన ఉండాలనో, నేను అడగలేదు.

మంచు మాత్రం చేతిలో ఉన్న సరుకని నా ధైర్యం. మిషిగన్‌లో మంచుకి కరువా? జనవరిలో మోకాలి లోతు పడింది. "పద, ఇవాళే," అన్నారు. "రోడ్లు చూడండి ఎలా ఉన్నాయో. ఇంతకంటే మంచిది ఫిబ్రవరిలో పడుతుంది," అన్నాను. ఫిబ్రవరిలో ఎండ కాసింది. మా వీధిలో పిల్లలు టీషర్టులతో సైకిళ్ళు తొక్కారు. ఆఖరికి మార్చి మొదట్లో కాస్త పడిందని విని పరుగెత్తాం. గేటు దగ్గర ఇంకో సంగతి తెలిసింది. మెంబర్‌షిప్ నాకు తగ్గింపు ధరకి ఇచ్చారని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ఏడాదిని కూడా తగ్గించే ఇచ్చారట, అది డిసెంబరుతోనే అయిపోయింది. టికెట్లు కొని లోపలికి వెళ్ళేసరికి దీపస్తంభం మీది మంచు టోపీ కరిగి, నీటి చుక్కలై కారుతోంది.

వారం తర్వాత నాలుగు ఫొటోలూ ప్రింట్ చేయించి, గిఫ్ట్ షాపుకి తీసుకెళ్ళాం. న్యాయం చెప్పాల్సింది ఆ తోటని రోజూ చూసే మనిషే అని ఇద్దరం ఒప్పుకున్నాం. అదే తెల్ల జుట్టు, అదే గొలుసు. నన్ను ఆవిడ మరిచిపోలేదు.

కౌంటర్ మీద ఒక్కొక్కటీ పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చెర్రీ రేకుల చెరువుని చూసింది. "అబ్బ. మంచు పడుతుండగా తీశారా?"

రెండోది చూసి "వేసవి" అంది. మేపుల్ కొమ్మని చూసి, "ఇది ఈ మధ్యే కదా, ఈ వారమేనా?" అంది. ఆఖరిదాన్ని కాసేపు దూరంగా పట్టుకుని, "నవంబర్ వాన" అంది, పరీక్ష పాసైనట్టు సంతోషంగా.

నాలుగింట ఒకటి. నా మొహం చూసి ఆవిడ కంగారుపడింది. "తప్పు చెప్పానా?"

"లేదు, మేమే తప్పు రోజుల్లో తీశాం," అన్నారు మా ఆయన. జరిగిందంతా ఆవిడకి చెప్పారు, ఆషాఢంతో సహా.

ఆవిడ నవ్వి, ఫొటోలు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "ఈ తోట నాకు ఎక్కువగా ఇలాగే కనిపిస్తుంది తెలుసా? పూలున్న వారం జనం అడ్డం, ఏమీ కనబడదు. వాళ్ళు వెళ్ళిపోయాక ఉండేది ఇదే."

ఆ మాటకి నా నాలుక మీదికి ఒక బేరం దానంతటదే వచ్చేసింది. అయితే ఈ నాలుగూ మీ షాపులో పెట్టుకోండి, మీ సెట్టు ధరలో సగం తగ్గించండి. పెదవి దాకా వచ్చినదాన్ని మింగాను. మాట అంటే మాట.

మా ఆయన గోడ మీది సెట్టుని దింపమన్నారు. దాని మీద కొత్త చీటీ ఉంది: రెండువందల యాభై. ఆవిడ బిల్లు కొట్టబోతుండగా, నేను కలలో కూడా ఊహించనిది జరిగింది. ఆయన గొంతు సవరించుకుని, కౌంటర్ మీద వేలితో గీస్తూ, "పోయిన ఏడాది మేం మెంబర్లం. అంటే, ఇప్పుడు కాదు. ఏమైనా... మీకు ఇబ్బంది లేకపోతేనే..." అన్నారు.

జీవితంలో మొదటి బేరం. అంకె చెప్పలేదు. కాదనే దారి అవతలివాళ్ళకి ముందే చూపించేశారు. పైగా క్రెడిట్ కార్డు అప్పటికే చేతిలో ఉంది. నేను పక్కనే నిలబడి, సాయం చెయ్యకూడదు కాబట్టి, గ్రీటింగ్ కార్డుల స్టాండు వెనక్కి వెళ్ళాను. అక్కడొక కార్డు వియత్నాంలో తయారైందట.

"సారీ, మెంబర్‌షిప్ ఇప్పుడు ఉంటేనే," అందావిడ.

"అయ్యో, పర్లేదు పర్లేదు, సారీ," అన్నారు ఆయన, మూడు సార్లు. తర్వాత కారు దాకా నా వైపు చూడలేదు. చెవులు ఎర్రగా ఉన్నాయి. సెట్టు పట్టుకుని నేను వెనకే నడిచాను. అనడానికి నా దగ్గర ఎంత ఉందో ఆయనకి తెలుసు.

కొన్న సెట్టు హాల్లో ఉంది. నా నాలుగూ బట్టలుతికే గదికి వెళ్ళే దారిలో ఉన్నాయి, ఫ్రేములు లేకుండా, టేపుతో. ఇక లెక్క, ఏదీ దాచకుండా. కెమెరా నాలుగువందల పది. సంచీకి సరిపోయిన ట్రైపాడ్ తొంభై ఐదు. పొట్టి ఏడాది మెంబర్‌షిప్ ఎనభై, పర్మిట్ యాభై, మెరుపు తగ్గించే అద్దం ముప్పై ఎనిమిది. కారు పెట్రోలు రెండువందల నలభై. మార్చిలో కొన్న టికెట్లు ముప్పై, ప్రింట్లు అరవై. సెట్టు పన్నుతో కలిపి రెండువందల అరవై ఐదు. మొత్తం వెయ్యిన్నీ రెండువందల అరవై ఎనిమిది డాలర్లు. మిగుల్చుకుందామని బయలుదేరినది నలభై. పార్కింగ్ మాత్రం ఉచితం.